వెనక్కి చూడకూడని దారి

మరదలి నోట్లో మాట దాగదు. ఆ సంగతి తెలుసు కాబట్టే టైలరక్క ఆవిడ చెప్పింది పెద్దగా పట్టించుకోనట్టు మొహం పెట్టి, కత్తెర ఆపకుండా కోటు గుడ్డ కత్తిరించుకుంటూ పోయింది.

"నేను చెప్పానని మాత్రం అనకు వదినా," అంది మరదలు, ఇస్త్రీ బల్ల మీది చొక్కాలు పక్కకు జరిపి కూర్చుంటూ. "చిన్నొదిన ఈసారి కొండకి వెళ్తోందట. దారి తెరిచే రోజునే."

"వెళ్తే వెళ్ళనీ. కొండేమన్నా నా సొంతమా?"

"అది కాదు వదినా, మా ఆయన పేరున నువ్వూ ఆ రోజే కదా వెళ్తానన్నావు."

"గుడ్డ మీద కూర్చున్నావు. లే."

మరదలు లేచి చూసింది. అక్కడ గుడ్డేమీ లేదు. మాట మార్చాలనిపిస్తే టైలరక్కకు లేని గుడ్డలు కూడా కనబడతాయి.

ఆ కొట్టు ఆవిడ ఇంటి ముందుగదే. కిటికీ పక్కన తొక్కుడు మిషను, దాని కింద రంగురంగుల కత్తిరింపులు, గోడ మేకులకు గుండీలు పడని చొక్కాలు, జిప్పుల కోసం ఎదురుచూసే ప్యాంట్లు. వీధిలో అందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారు. పిల్లలూ అక్కా అంటారు, ఆ పిల్లల తాతలూ అక్కా అంటారు. కొత్తగా వచ్చిన పోలీసాయన ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చి రెండో మాటకే అక్కా అనేశాడు. ఇంతమందికి అక్క అయిన మనిషిని సొంత చెల్లెలు అలా పిలిచి ఎన్నాళ్ళయిందని ఎవరైనా అడిగితే మాత్రం, గబుక్కున నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకునేది. నోట్లో సూదులున్న మనిషిని జవాబు కోసం ఎవరు పీడిస్తారు?

ఆ చెల్లెలు ఒకప్పుడు ఈ గదిలోనే కూర్చుని కాజాలు కుట్టేది. ఎదురు వరసలో గడియారాలు బాగుచేసే కుర్రాడి కొట్టుండేది. కాజాలు కుట్టే పిల్లకు రోజుకు అన్నిసార్లు టైమెందుకు కావలసి వస్తోందో అక్క బుర్రకు ఎక్కేసరికి వాళ్ళిద్దరూ పెళ్ళి మాట దాకా వచ్చేశారు. కుర్రాడు మంచివాడే. వంక పెట్టడానికి లేదు. కానీ వాళ్ళు ఎడమచేతివాళ్ళు.

ఇది కాస్త విడమర్చి చెప్పాలి. అక్కడ మూడు మతాలవాళ్ళకీ కొండ ఒక్కటే. టైలరక్క వాళ్ళకు అది దేవుడి ఇల్లు; ఆ ఇంటిని కుడిచేతి వైపు ఉంచుకుని చుట్టూ నడుస్తారు. గడియారాలాయన వాళ్ళకు అది తమ గురువు ఆఖరుసారి కనబడిన చోటు; ఆయన నడిచి వెళ్ళిన వైపే తామూ వెళ్ళాలి కనుక కొండను ఎడమచేతి వైపు ఉంచుకుని నడుస్తారు. మూడోవాళ్ళు అసలు తిరగరు. దేవుడు మాట్లాడిన చోట మనిషి కాళ్ళాడించడం ఏమిటని, అడ్డదారిన పైకొచ్చి, కొండకెదురుగా ఓ రాయి చూసుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. జనం నోళ్ళలో వాళ్ళు కుడిచేతివాళ్ళు, ఎడమచేతివాళ్ళు, కూర్చునేవాళ్ళు. ఎవరూ కొట్టుకు చావరు. ఒకరి కొట్లో ఒకరు సరుకులు కొంటారు, ఒకరి బస్సు ఒకరు ఎక్కుతారు. పిల్లనిచ్చే దగ్గరే అందరికీ ఉన్నట్టుండి చేతులు గుర్తొస్తాయి.

అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకోలేదు. పోట్లాడుకున్నా బాగుండేది, అరుచుకుని, ఏడ్చుకుని, ఓ వారానికి చల్లబడేవాళ్ళు. అక్క పెళ్ళికి వెళ్ళలేదు. చెల్లెలు వచ్చి బతిమాలలేదు. అంతే జరిగింది. ఆ తర్వాత అది రావాలని ఇదీ, ఇది పిలవాలని అదీ బిగుసుకు కూర్చుని, ఇద్దరూ జుట్టు నెరిసేదాకా వచ్చారు.

మధ్యలో తమ్ముడున్నాడు కాబట్టి సరిపోయింది. వాడు సరుకుల వ్యాను తోలేవాడు. ఈ ఇంట్లో టీ తాగి ఆ ఇంటికి, ఆ ఇంట్లో అన్నం తిని ఈ ఇంటికి. పెద్దక్క "దానికి దగ్గు తగ్గిందట్రా?" అని ఊరికే అడిగితే చాలు, చిన్నక్క దగ్గరికెళ్ళి "నీ దగ్గు తలుచుకుని పెద్దక్కకి నిద్ర పట్టడం లేదు" అనేవాడు. ఆవిడ "మోకాలు ఎలా ఉందట?" అంటే, "నువ్వు పంపిన నూనే అని చెప్పి రాశాను, కిమ్మనలేదు" అనేవాడు. నూనె వాడే కొనేవాడు. అంత అబద్ధాలకోరు మళ్ళీ పుట్టడు. చలికాలంలో ఒకరోజు వ్యాను షెడ్డులో పెట్టి, సీట్లోనే ఒరిగిపోయాడు.

ఆ రోజు ఇల్లంతా జనం. చెల్లెలు వచ్చింది. అందరినీ తప్పించుకుంటూ తనవైపే రావడం టైలరక్క చూసింది. చేతిలో ఎవరో పెట్టిపోయిన టీ గ్లాసుంది. చెల్లెలు దగ్గరికొచ్చేసరికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలనిపించింది ఆవిడకు. అందుకే గ్లాసు పెట్టడానికి వెనక కిటికీ గట్టు వైపు తిరిగింది. గట్టు మీద చోటు లేదు. ఎవరివో తాళాలు, కళ్ళజోడు పక్కకు నెట్టి, గ్లాసు పెట్టి, ఇటు తిరిగేసరికి చెల్లెలు గుమ్మం దాటిపోతోంది. పిలుద్దామనుకునేలోపే జనంలో కలిసిపోయింది.

తను మొహం తిప్పుకుందని అనుకుంది అది. ఆర్నెల్లుగా ఈ ఒక్క ముక్కే టైలరక్కను తొలిచేస్తోంది. పెళ్ళికి వెళ్ళకపోవడం నిజం, దానికి ఎవరేమన్నా పడుతుంది. కానీ చెయ్యని పని చేసినట్టు చెల్లెలి మనసులో ఉండిపోతే ఎలా? ఆ మాట అటు చేరవేయడానికి ఇప్పుడు తమ్ముడు కూడా లేడు. ఫోను తీసి నెంబరు నొక్కేది, మోగకముందే కట్ చేసేది. ఇంటికి వెళ్దామంటే, గుమ్మంలోనే నిలబెట్టి తలుపు వేస్తే ఏం చేస్తుంది?

కొండ మీద ఎవరికీ తలుపులుండవు. పైగా అక్కడ చెయ్యందించే చోటుంది.

కుడిచేతివాళ్ళూ ఎడమచేతివాళ్ళూ తెల్లారగానే ఒకే గేటు నుంచి చెరో వైపుకీ బయల్దేరతారు. మధ్యాహ్నానికి కొండ వెనక ఎదురెదురవుతారు. సరిగ్గా అక్కడే దారి సన్నబడుతుంది. ఓ పక్క బండ, ఓ పక్క లోయ. బండ వైపున్న మనిషి అంచున ఉన్న మనిషికి చెయ్యందించి దాటించాలి. ఏ మతమైనా సరే, ఎంత పగ ఉన్నా సరే. ఆ ఒక్క పద్ధతి దగ్గర మూడు మతాల పుస్తకాలూ నోరు మూసుకుంటాయి. కాబట్టి టైలరక్క లెక్క ఇదీ: అక్కడ చెల్లెలు తన చెయ్యి పట్టుకోక తప్పదు, పట్టుకోగానే ఆ ఒక్క మాట చెప్పెయ్యాలి. ఆపైన దాని ఇష్టం. ఇలాగైతే ఒకరి గుమ్మం ఒకరు తొక్కినట్టూ ఉండదు, ఒకరి ముందు ఒకరు తగ్గినట్టూ ఉండదు. ఈ చివరి ముక్క ఆవిడ చచ్చినా ఒప్పుకోదు, మనం చెప్పుకుంటున్నాం.

ఆ రోజు రానే వచ్చింది. వీధివాళ్ళ గుంపుకు మందుల షాపాయన పెద్ద. ఏటా కొండ తిరుగుతాడు, ఏటా అందరికీ మొదటిసారి చెప్తున్నట్టే చెప్తాడు. గేటు దగ్గర మనిషికో గుడ్డపీలిక కడుతున్నారు. కొండ వైపుండే మణికట్టుకు కట్టాలి. కుడిచేతివాళ్ళకు కుడి మణికట్టు, ఎడమచేతివాళ్ళకు ఎడమ. టైలరక్క పీలిక అంచు చూసి, కోసినవాడికి కత్తెర పట్టుకోవడం రాదని మనసులోనే తిట్టుకుంది.

"ఎవరి పేరున, అక్కా?" అని అడిగాడు మందుల షాపాయన.

"తమ్ముడి పేరున."

"మంచిది. గుర్తుందిగా? వెనక్కి తిరగకూడదు. అడుగే కాదు, తల కూడా తిప్పకూడదు. తిప్పారా, చుట్టు పోయినట్టే. మళ్ళీ ఏడాదే."

"నా మెడకి అంత ఓపిక లేదులే బాబూ, నడవండి."

నడిచారు. మిషను తొక్కీ తొక్కీ ఆవిడ కుడి మోకాలు ఎప్పుడో పాడైంది. ఎక్కుడు వచ్చినప్పుడల్లా అది లోపల ఏదో నమిలినట్టు చప్పుడు చేసేది. గుంపు ముందుకు పోయింది. కాస్త వయసు మళ్ళినవాళ్ళు కూడా "రా అక్కా, రా" అంటూ ముందుకు పోయారు. ఆవిడ కంగారు పడలేదు. ఎదురొచ్చే మనిషి ఎలాగూ ఎదురొస్తుంది, తను కొండెనక్కి చేరితే చాలు. దారి పొడవునా ఆ మాటే కూడబలుక్కుంది. "ఆ రోజు నేను మొహం తిప్పుకోలేదే." కాదు, ముందు "ఎలా ఉన్నావే?" అనాలేమో. అంటే "నీకెందుకు?" అంటుందేమో. వద్దు, సూటిగా అసలు మాటే.

ఎండ బాగా ఎక్కాక ఎడమచేతివాళ్ళు ఎదురు రావడం మొదలైంది. ముందు కుర్రాళ్ళు, తర్వాత సంసారాలు, వీపున పిల్లల్ని కట్టుకున్నవాళ్ళు. గాలికి అందరూ మొహాలకు గుడ్డలు చుట్టుకున్నారు. టైలరక్క ఏ ఆడమనిషినీ వదలకుండా కళ్ళలోకి చూసింది. ఇద్దరు ముగ్గురు ఇబ్బంది పడి నమస్కారం కూడా పెట్టారు. చివరికి చెయ్యందించే చోటు వచ్చింది. బండకు వీపు ఆనించి నిలబడి వచ్చినవాళ్ళకల్లా చెయ్యందించింది. మెత్తటి చేతులు, కాయలు కాసిన చేతులు, చెమట చేతులు. చెల్లెలి చెయ్యి మాత్రం రాలేదు.

ఆ ఇరుకు దాటగానే ఓ టీ కొట్టు ఉంది. రేకుల కింద రెండు బల్లలు, ఓ కిరసనాయిలు స్టవ్వు. టైలరక్క ఓ టీ పుచ్చుకుని, బల్ల మీద కూలబడి ఎదుటి దారినే చూస్తూ కూర్చుంది. ఎడమచేతివాళ్ళు పలచబడ్డారు. తర్వాత ఒకరొకరుగా వచ్చారు. తర్వాత కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక, దారిలో మిగిలిపోయినవాళ్ళను కూడగట్టుకు వచ్చే జెండా మనిషి ఈల ఊదుకుంటూ వచ్చి, టీ తాగి, వెళ్ళిపోయాడు. ఆయన వెనక ఇంకెవరూ ఉండరని కొండకు వచ్చిన ప్రతివాళ్ళకీ తెలుసు.

అయితే రాలేదన్నమాట. లేకపోతే వచ్చి, గుడ్డ చాటున మొహం దాచుకుని, తనని చూసి కూడా పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని దాటిపోయిందన్నమాట. రెండోదే నిజమనిపించింది ఆవిడకు. చెడ్డదే నిజమనుకోవడం ఆ ఇంటి ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎవరూ చూడటం లేదు కదాని ఇంకాస్త గట్టిగానే ఏడ్చింది.

"టీ బాగాలేదు, నిజమే. కానీ మరీ అంత ఏడవక్కర్లేదు."

పక్క రాయి మీద దుప్పటి కప్పుకుని ఓ ముసలాయన కూర్చునున్నాడు. కూర్చునేవాళ్ళ మనిషి. టైలరక్క కసిరినట్టు చూసింది. ఆయన చలించలేదు.

"ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకు. వెనకాల ఆవిణ్ణి ఎందుకమ్మా అలా ఏడిపిస్తున్నావు?"

"ఏ ఆవిణ్ణి?"

"అదిగో, ఆ ఇరుక్కి అవతల. నేను జన్మంతా బస్సు తోలినవాణ్ణి. వెనకాల ఏమొస్తోందో చూడకుండా ఉండలేను. కొండకేసి చూడమని మా పెద్దలు చెప్పారు, నా కళ్ళేమో దారి మీదకే పోతాయి. అక్కడ ఆ మలుపు దగ్గర్నుంచీ చూస్తున్నా. నువ్వు నడిస్తే నడిచింది. నువ్వు మోకాలు పట్టుకుని ఆగితే ఆగింది. ఇక్కడ నువ్వు కూర్చున్నావు, అక్కడ ఆవిడ కూర్చుంది. మీవాళ్ళ దారిలోనే వస్తోంది, పీలిక మాత్రం ఎడమ చేతికి కట్టుంది. వచ్చే పోయే ప్రతివాడూ 'అమ్మా, దారి తప్పావు, నువ్వు ఇటు కాదు' అంటున్నాడు. ఇందాక నా మనవడు టీ ఇచ్చొచ్చాడు. ఎందుకమ్మా ఇక్కడ కూర్చున్నావంటే, 'ముందున్నావిడ లేస్తే నేనూ లేస్తా' అందట."

టైలరక్క గ్లాసు బల్ల మీద పెట్టేసింది. వెనక ఉందా? పొద్దుట్నుంచీ వెనకే ఉందా? తను లోకంలో ఉన్న ఎడమచేతివాళ్ళందరి మొహాలూ వెతుక్కుంటూ పోతుంటే, అది తన వీపు చూసుకుంటూ వచ్చిందా?

తల తిప్పితే కనబడుతుంది. అంతే దూరం. మెడ సగం దాకా తిరిగింది కూడా.

"అక్కా!" మందుల షాపాయన ముందు మలుపు దగ్గర్నుంచి ఆయాసపడుతూ వస్తున్నాడు. ఆయనా వెనక్కి రాకూడదు కనుక మొహం ముందుకే పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వస్తున్నాడు. అదేం లెక్కో ఆయనకే తెలియాలి. "ఇంకా ఇక్కడే ఉన్నారా? పొద్దు వాలేలోగా దిగాలి. అందరూ మీకోసం ఆగారు."

"మీరు పొండి బాబూ. నేను వెనక్కి వెళ్తున్నా."

"వెనక్కా? తమ్ముడి పేరున మొదలుపెట్టి వెనక్కి తిరుగుతారా? సగానికి పైగా వచ్చేశారక్కా! వాడి చుట్టు చేతులారా పాడుచేస్తారా?"

ఆ మాట సూటిగానే తగిలింది. ఆర్నెల్లుగా తమ్ముడి కోసం తను చెయ్యగలిగిన పని ఇదొక్కటే అనుకుని, ఆ మోకాలితో ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు తిరిగితే అది పోతుంది. వచ్చే ఏడాదికి ఈ కాలు రాదు. ఆవిడ బల్ల పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. వాడుంటే ఏమనేవాడు? ముందు టీ అడిగేవాడు. తర్వాత ఆ ఇరుకు దాటి పరుగెత్తుకెళ్ళి, "పెద్దక్క నీకోసం ఇందాకట్నుంచి ఏడుస్తోంది" అని చెప్పొచ్చేవాడు. ఈ ఒక్కసారికి అది అబద్ధం కూడా అయ్యేది కాదు.

"బతికున్నన్నాళ్ళూ వాడు మా ఇద్దరి మధ్యే అటూ ఇటూ తిరిగాడు," అంది. "వాడి పేరున తిరగాలంటే నేను తిరగాల్సింది కూడా అక్కడేనేమో బాబూ."

మందుల షాపాయన భుజం మీది సంచి దించాడు. ఆ తమ్ముడు ఆయన కొట్టుకు కూడా సరుకు దించినవాడే. సంచిలో వెతికి చిన్న స్ప్రే డబ్బా ఒకటి తీసి, వెనక్కి చూడకుండానే చెయ్యి వెనక్కి చాచాడు. "మోకాలికి కొట్టుకోండి. దిగేటప్పుడు ఎక్కువ లాగుతుంది."

టైలరక్క తిరిగింది.

కొండ ఎడమచేతి వైపుకు వచ్చేసింది. పీలిక కట్టిన చెయ్యి లోయ వైపుకు పోయింది. పుట్టి బుద్ధెరిగాక కొండను అటు వైపు పెట్టుకుని ఒక్క అడుగు వేసింది లేదు; ఒళ్ళంతా తిరగేసి తొడిగిన చొక్కాలా అనిపించింది. వెనకబడిన కుడిచేతివాళ్ళు ఇంకా ఒకరిద్దరు ఎదురొస్తున్నారు. "అటు కాదమ్మా, ఇటు!" అన్నాడొకాయన. "తెలుసు," అంది. "దారి తప్పావమ్మా!" అందొకావిడ. "తెలుసన్నానా!" అంది, చెయ్యందించి దాటించింది.

అప్పుడు ఇరుక్కి అవతల రాయి మీదున్న మనిషి లేచి నిలబడింది.

చెల్లెలు చూసింది. అక్క వెనక్కి రావడం, అదీ విసవిసా రావడం చూసి మనిషి బిగుసుకుపోయింది. పారిపోదామంటే వెనక్కి తిరగకూడదు. ఏం చెయ్యాలో తెలియక నాలుగడుగులు ముందుకే వేసి, ఇరుకులోకి వచ్చి, బండకు ఆనుకుని మొహం బండకేసి తిప్పేసుకుంది.

టైలరక్క దగ్గరికొచ్చింది. ఎంత ముసలిదైపోయింది ఇది! జబ్బలు జారిపోయాయి. ఆ కోటు ఎవడు కుట్టాడో గానీ, మెడ దగ్గర ఒక్క కుట్టూ తిన్నగా లేదు.

"ఇటు తిరగవే."

తిరగలేదు.

"చెయ్యి అందించు. నేను అంచున ఉన్నాను."

మొహం అటే ఉంది గానీ చెయ్యి వచ్చింది. అక్కడ చెయ్యి అడిగితే ఇవ్వకుండా ఉండటం ఎవరి వల్లా కాదు. టైలరక్క ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. దారంతా కూడబలుక్కున్న మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"ఆ రోజు నేను మొహం తిప్పుకోలేదే. గ్లాసు... గ్లాసు పెడదామని తిరిగాను."

"ఏ గ్లాసు?"

"టీ గ్లాసే. ఎవరో చేతిలో పెట్టిపోయారు. కిటికీ గట్టు మీద చోటు లేదు. ఎవరివో తాళాలు, కళ్ళజోడు. అవి జరిపి పెట్టేసరికి నువ్వు వెళ్ళిపోయావు."

చెల్లెలు నెమ్మదిగా ఇటు తిరిగింది. కళ్ళు అప్పటికే నిండిపోయి ఉన్నాయి. "తాగెయ్యకూడదా?"

"కాలిపోతోందే!"

అంతే. చెల్లెలికి నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది, టైలరక్కకు ముందు ఏడుపొచ్చి తర్వాత నవ్వయింది. అంత ఇరుకులో కావలించుకోవడానికి లేదు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, బండకు ఒత్తుకుని, ఇద్దరూ ముక్కులు చీదుకుంటూ నిలబడ్డారు.

"ఆర్నెల్లు," అంది చెల్లెలు. "ఆర్నెల్లు ఏడ్చాను, గ్లాసు కోసమా?"

"నువ్వెందుకే మా దారిలో వస్తున్నావు? మొహాలన్నీ వెతికి వెతికి చచ్చాను!"

"ఎదురొస్తే మళ్ళీ మొహం తిప్పుకుంటావనుకున్నాను. అది ఇంకోసారి చూడలేను. వెనకొస్తే నీ వీపన్నా చూడొచ్చు. నీ మోకాలు బాగాలేదని మరదలు చెప్పింది. ఎక్కడన్నా పడిపోతే పట్టుకుందామని."

"మరదలా? నీకూ తనే చెప్పిందా?"

"నేను చెప్పానని అనకు వదినా, అంది."

ఇద్దరూ మరదల్ని తనివితీరా తిట్టుకున్నారు. ఆ తిట్లలో ఉన్నంత ముద్దుగా మరదల్ని జీవితంలో ఎవరూ చూసి ఉండరు.

వెనక ఎవరో కేకేశారు. "చెయ్యి అందించి దాటండమ్మా! ఎంతసేపు?"

"నీ చుట్టు పాడైపోయిందా అక్కా?" అంది చెల్లెలు, అప్పుడే గుర్తొచ్చినట్టు. ఆవిడ మొహం పాలిపోయింది. "వాడి పేరునే కదా బయల్దేరావు? నా మూలాన..."

"నాది పోయింది. నీది? మీవాళ్ళ లెక్కలో?"

"తలకిందులుగా తిరిగానుగా. మాకిది లెక్కలోకే రాదు."

"ఎవరి పేరున వచ్చావు?"

"ఇంకెవరి పేరున వస్తాను? వాడి పేరునే."

టైలరక్క ఆవిడ ఎడమ మణికట్టుకున్న పీలికను చూసింది. గేటు దగ్గర్నుంచి ఇక్కడిదాకా, కొండను కుడిచేతి వైపే పెట్టుకుని నడిచింది ఇది. ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. తను మింగేసేలా వస్తోందనుకుని కూడా, పారిపోకుండా ముందుకే వచ్చింది. కొండ మీద కుడిచేతివాళ్ళ పద్ధతిలో తమ్ముడి పేరున చెడిపోకుండా మిగిలిన చుట్టు ఏదైనా ఉందంటే, అది ఈ ఎడమచేతి మనిషిదే.

"వెనక్కి తిరిగావా ఎక్కడన్నా? తల తిప్పావా?"

"లేదక్కా. నీ వీపు మీంచి చూపు తిప్పితే కదా!"

"అయితే నీది పోలేదు. నీదే నిలిచింది. నువ్వు పూర్తి చెయ్యి."

"నేనా? మీవాళ్ళు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోడానికి వాళ్ళెవరే? వాడు నీకు తమ్ముడు కాదూ?"

చెల్లెలు అరచేత్తో మొహం తుడుచుకుంది. "మరి నువ్వు?" అంది.

"నీ వెనక వస్తా."

చెల్లెలు బండ వైపు ఒదిగి చెయ్యి బిగించి పట్టుకుంది. టైలరక్క అంచు మీదుగా ఆవిణ్ణి దాటి అవతలికొచ్చి, మళ్ళీ కొండ వైపు కుడిచెయ్యి పెట్టి, చెల్లెలి వీపు వెనక నిలబడింది. నడక మొదలైంది. టీ కొట్టు దాటుతుంటే బస్సాయన దుప్పట్లోంచి చెయ్యెత్తాడు. మోకాలు మాట వినడం లేదు. ఆవిడ ఒక్కోసారి ఆగాల్సి వచ్చింది. ఆగినప్పుడల్లా ముందు అడుగుల చప్పుడు కూడా ఆగిపోయేది, ముందున్న మెడ ఇటు తిరగాలని గింజుకోవడం కనబడేది.

"తిప్పకు!" అని అరిచింది టైలరక్క. "తిప్పావంటే వాడిది మొత్తం పోతుంది!"

"తిప్పడం లేదు. ఉన్నావా అక్కా?"

"ఉన్నానే. నడు."